ఏప్రిల్ ఎండలో ఫ్యాను ఆపేసి దుప్పటి కప్పుకుంటోంది: మా అక్క కూతురి గురించి సలహా కావాలి

పటమట పిన్ని:

నమస్కారం. నేను విజయవాడ పటమటలో 22 ఏళ్ళుగా ఇంట్లోనే జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడుతున్నాను. మా అక్క కూతురి గురించి అడగాలని రాస్తున్నాను. అక్క వాళ్ళది తెనాలి దగ్గర పల్లెటూరు. అమ్మాయి ఇంటర్ అయ్యాక డిగ్రీ చదవడానికి మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు రెండో సంవత్సరం, 19 ఏళ్ళు. నాకు ఇద్దరూ మగపిల్లలే. తను రాగానే ఇంట్లో ఆడపిల్ల తిరుగుతోందని ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

మొన్న ఆదివారం పక్క సందులోని అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య నన్ను దారిలో ఆపి రెండు చేతులూ పట్టుకుంది. "మీ అమ్మాయి చల్లగా ఉండాలమ్మా. ఆ క్యారేజీ అన్నంతోనే మా పాప కాస్త ఒళ్ళు చేసింది" అంది. ఏ క్యారేజీ అని అడిగాను. దీపావళి తరువాత నుంచి మా అమ్మాయి పొద్దున కాలేజీకి వెళుతూ నేను కట్టిచ్చిన క్యారేజీ వాళ్ళ నాలుగేళ్ళ పాపకు ఇచ్చి వెళుతోందట. సాయంత్రం బస్సు దిగి, కడిగి పెట్టిన గిన్నెలు తీసుకుని ఇంటికి వస్తోందట. దగ్గర దగ్గర ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ నేను ఖాళీ గిన్నెలు చూసుకుని, పప్పు కుదిరింది కాబోలు, ములక్కాడ కూర నచ్చింది కాబోలు అనుకుంటూ హాయిగా నిద్రపోయాను.

అప్పటి నుంచి ఒక్కొక్కటీ గుర్తుకు వస్తోంది. దసరాకు కొండ మీద అమ్మవారిని చూసి వచ్చి నవరాత్రులంతా ఒంటిపూట ఉంది. కార్తీకంలో సోమవారాలు ఉంది. తరువాత శనివారాలు కలిశాయి, ఆ తరువాత గురువారాలు, సంక్రాంతి దాటాక శుక్రవారాలు కూడా. నేను దేవుణ్ణి నమ్మేదాన్ని. ఈ కాలం పిల్లకు ఇంత భక్తి ఉందని బట్టలు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పుకున్నాను.

ఉగాదికి బొబ్బట్లు తనే చేసింది. పూర్ణం రుబ్బడం దగ్గర నుంచి నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. నలభై చేసి ఒక్కటీ నోట పెట్టలేదు. రాత్రి ఒంటిగంట దాకా ఫోనులో వంటల వీడియోలు చూస్తుంది. మా పిల్లలు తింటుంటే ఎదురుగా కూర్చుని వాళ్ళ కంచాలవైపే చూస్తుంది, ఇంకొంచెం వేసుకోమని కొసరి కొసరి వడ్డిస్తుంది. ఇక్కడి ఏప్రిల్ సంగతి మీకు తెలుసు, రాత్రి పదకొండింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. తను మాత్రం ఫ్యాను ఆపేసి దుప్పటి కప్పుకుంటుంది. మా అబ్బాయిలు దాన్ని చూసి నవ్వితే నేనూ నవ్వాను.

గత శ్రావణంలో గుంటూరులో వాళ్ళ అక్క పెళ్ళికి జాకెట్టు కుట్టినప్పటి కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. ఛాతీ 34, నడుము 28. ఇప్పుడు కొలత తీస్తానంటే దగ్గరకు రానివ్వదు. తను కాలేజీకి వెళ్ళాక తన డ్రెస్సు ఒకటి తిరగేసి చూశాను. నేను కుట్టిన కుట్టుకు లోపలగా, పక్కల్లో, మరో మూడు వరుసల కుట్లు ఉన్నాయి. నేను ఇంట్లో లేనప్పుడు నా మిషను మీదే వేసుకుంది. ఒక వరుస పక్కన ఇంకో వరుస, ఎంత నీటుగా వేసిందో. నేనే నేర్పాను కదా. చివరి వరుస దగ్గర టేపు పెడితే నడుము 23 వచ్చింది. ఆ డ్రెస్సు పట్టుకుని మిషను ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ఇంకొక మాట చెప్పుకోవాలి. నా కుట్టు గదిలోనే తన చదువు బల్ల ఉంది. నిలువుటద్దం కూడా అక్కడే. రోజూ పదిమంది ఆడవాళ్ళు ఆ అద్దం ముందు నిలబడతారు. "చేతులు లావుగా కనబడకుండా కుట్టండి", "నడుము దగ్గర ఇంకొంచెం పట్టండి", "కాన్పు తరువాత ఇలా పాడైపోయాను", "మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, కొంచెం తగ్గమంటే తగ్గదు". నేను మరుమాటగా "మీకేమండీ, సన్నగా మల్లెతీగలా ఉన్నారు" అంటాను. అదేదో గొప్ప మెప్పు అన్నట్లు. అది నా వ్యాపారంలో మాట, అలవాటుగా నోట వచ్చేస్తుంది. తను వెనక బల్ల దగ్గర పుస్తకం మీద తల వంచుకుని రెండేళ్ళుగా అవన్నీ వింటోంది.

ఆ పెళ్ళిలో మగపెళ్ళివారి తరఫు ఒకావిడ భోజనాల దగ్గర "పెద్దది నాజూకు, చిన్నది తిండిపుష్టి" అని నవ్వింది. అమ్మాయి కూడా నవ్వింది. ఆ పెళ్ళికీ, తన చదువుకూ కలిపి మా బావగారు అర ఎకరం అమ్మారు. తను ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల. చెప్పు తెగినా తనే కుట్టించుకుంటుంది.

నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. జుట్టు కుచ్చులుగా ఊడుతోంది. వీధి చివర డాక్టరు రక్తం తక్కువ ఉందని ఐరన్ బిళ్ళలు ఇచ్చారు. తినమంటే కడుపు ఉబ్బరంగా ఉందంటుంది, "నేను బాగానే ఉన్నాను పిన్నీ" అంటుంది. మా వారేమో ఈ కాలం పిల్లల సన్నబడే పిచ్చి అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. సన్నబడాలనుకున్న పిల్ల సన్నబడ్డాక సంతోషించాలి కదా? అక్కకు ఇంకా చెప్పలేదు. ఇది ఏమిటి, మనసులో ఎక్కడ మొదలవుతుంది, నేను ఏమి మాట్లాడాలి, ఏమి మాట్లాడకూడదు? తెలిసినవారు చెప్పండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు:

అమ్మా, నేను 34 ఏళ్ళు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పాను. ఎందరో ఆడపిల్లల్ని చూశాను. ఆ వయసులో తిండి మీద ధ్యాస తగ్గడం మామూలే. మా రోజుల్లో ఈ ఫోనులూ లేవు, ఈ జబ్బులూ లేవు. ముందు ఫోను తీసి పక్కన పెట్టండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని గోంగూరా నెయ్యీ కలిపి నాలుగు ముద్దలు మీ చేత్తో పెట్టండి, ఎందుకు తినదో చూద్దాం. మనసు జబ్బు అని పేరు పెట్టి డాక్టర్ల చుట్టూ తిప్పితే రేపు పెళ్ళి సంబంధాల దగ్గర మాట వస్తుంది. మీ మేలు కోరి చెబుతున్నాను.

బ్రాడీపేట:

పిన్ని గారూ, మిమ్మల్ని అక్కా అంటాను. నాకు 31 ఏళ్ళు, ఉండేది గుంటూరులోనే. మీరు చివర అడిగిన ప్రశ్న, సన్నబడ్డాక సంతోషించాలి కదా అన్నది, చదివి ఫోను పక్కన పెట్టి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. మా ఇంట్లో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

నాది మీ అమ్మాయి కథ లాంటిది కాదు. నేను ఎప్పుడూ చిక్కిపోలేదు. అందుకే ఎవరికీ తెలియలేదు. ఇంటర్‌కు విజయవాడలో ఒక హాస్టల్లో వేశారు. వారం వారం పరీక్ష, సోమవారం ఉదయం బోర్డు మీద మార్కుల వరుస. పదో తరగతి దాకా ఊళ్ళో నేనే ఫస్టు. అక్కడ మొదటి వారమే 212వ పేరు నాది. ఎంత చదివినా ఆ అంకె నా మాట వినేది కాదు. హాస్టలు మెట్ల కింద పాత తూకం మిషను ఒకటి ఉండేది. ఒక రోజు ఊరికే ఎక్కాను. రాత్రి భోజనం మానేసి మర్నాడు ఎక్కితే అర కిలో తగ్గింది. ఆ అంకె నా మాట వింది! ఆ రోజు నాకు కలిగిన నెమ్మది ఎలాంటిదో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. అందం నా తలలోకి రాలేదు. అద్దం చూసుకునే తీరిక కూడా మాకు ఉండేది కాదు. నా చేతిలో ఏదో ఒకటి ఉంది అనిపించింది, అంతే.

కానీ ఆకలి ఊరుకోదు. పది రోజులు బిగబట్టి పదకొండో రోజు రాత్రి ఇంటి నుంచి వచ్చిన జంతికల డబ్బా, పక్క మంచం అమ్మాయి సున్నుండలు, ఎవరివో బిస్కెట్లు, రుచి కూడా తెలియకుండా తినేసేదాన్ని. మధ్యలో ఆగడం నా వశంలో ఉండేది కాదు. తరువాత వచ్చే అసహ్యం భరించలేక బాత్‌రూములో గొంతులో వేళ్ళు పెట్టుకునేదాన్ని. మర్నాడు ఇంకా గట్టిగా ఉపవాసం. ఆ ఉపవాసమే మళ్ళీ ఆ రాత్రిని తెచ్చేది. ఈ చక్రం ఎనిమిదేళ్ళు తిరిగింది అక్కా. ఇంజనీరింగులో తిరిగింది, ఉద్యోగంలో తిరిగింది, నిశ్చితార్థం రోజున కూడా తిరిగింది.

కనిపెట్టింది పళ్ళ డాక్టరు. అరండల్‌పేటలో ఒకావిడ. చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయని వెళ్ళాను. పై పళ్ళ లోపలివైపు పింగాణీ పొర కరిగిపోయి ఉందని చూసి, తలుపు వేసి వచ్చి, చాలా మెల్లగా "వాంతి చేసుకుంటున్నావా తల్లీ?" అని అడిగారు. ఎనిమిదేళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ. కుర్చీలోనే ఏడ్చేశాను. తరువాత సైకియాట్రిస్టు దగ్గరకు వెళితే ఆయన నా కుడి చెయ్యి అడిగి తీసుకుని కణుపుల మీద కాయలు చూశారు. గొంతులోకి చెయ్యి పోనిచ్చినప్పుడు పళ్ళు రాసుకుని ఏర్పడతాయి అవి. దీనికి బులీమియా అని పేరనీ, 1979లోనే లండన్ వైద్యుడు జెరాల్డ్ రసెల్ ఈ జబ్బు గురించి రాస్తూ ఆ కాయల గురించి కూడా రాశారనీ చెప్పారు. ఎక్కడో లండన్‌లో, నేను పుట్టక ముందు, నా చేతి వంటి చెయ్యి ఇంకొకరికి ఉందని తెలిసినప్పుడు ఎంత తేలిక పడ్డానో. ఎనిమిదేళ్ళుగా నేను చెడ్డదాన్ననీ, తిండి దొంగననీ అనుకుంటూ బతికాను. జబ్బు అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మాస్టారు గారూ, మీరు మేలు కోరే చెప్పారని తెలుసు. మా అమ్మ కూడా మేలు కోరే పెళ్ళికి మాట వస్తుందని దాచింది. దాచిన కొద్దీ నాకు సిగ్గు పెరిగింది, సిగ్గు పెరిగిన రోజు రాత్రి వాంతులు పెరిగాయి. నా భర్తకు పెళ్ళికి ముందే నేను చెప్పాను. ఆయన "ఏమి వండితే నీకు భయం లేకుండా ఉంటుంది?" అని అడిగారు.

అక్కా, ఉపవాసాల గురించి ఒక్క మాట. కార్తీక సోమవారం ఉన్నప్పుడు సాయంత్రం అందరం నక్షత్రం కోసం ఆకాశం వైపు చూస్తాం. కనబడగానే దణ్ణం పెట్టుకుని తింటాం. ఉపవాసానికి విరమణ వేళ ఉంటుంది. నలుగురితో కలిసి తినే వేళ అది. మీ అమ్మాయి ఉపవాసానికి ఆ నక్షత్రం లేదు. తనకు దేవుడి మీద భక్తి లేదని నేను అనడం లేదు. కానీ దేవుడి పేరు చెబితే మన ఇళ్ళల్లో ఎవరూ ఎదురు చెప్పరని నాకూ తెలుసు, తనకూ తెలుసు.

"చిక్కిపోయావు, పీనుగలా ఉన్నావు" అని భయపెట్టకండి. ఆ జబ్బు చెవికి అది మెప్పులా వినిపిస్తుంది. "ఇప్పుడు కాస్త మొహం తేటపడింది" అని కూడా అనకండి, అది లావయ్యావు అన్నట్లు వినిపిస్తుంది. క్యారేజీ సంగతి తెలిసిపోయిందని నిలదీయవద్దు. "నీకు చలి వేస్తోందని చూశాను, నాకు భయంగా ఉంది" అనండి. ఒళ్ళు ఎలా కనబడుతోందన్న మాట ఎత్తకుండా, తనకు లోపల ఎలా ఉందో అడగండి.

సైకాలజిస్టు, విజయవాడ:

మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పకూడదు, చెప్పను. కానీ ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించండి. నడుము కొలత అంత పడిపోవడం, నెలసరి ఆగడం, ఎండాకాలంలో చలి, ఇవన్నీ ఒళ్ళు తనను తాను తినడం మొదలుపెట్టిందని చెప్పే గుర్తులు. నాడి, పడుకున్నప్పుడూ నిలబడినప్పుడూ రక్తపోటు, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేటు, మెగ్నీషియం, చక్కెర చూడమని అడగండి. ఐరన్ బిళ్ళలతో పోయే విషయం కాదు. కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడ అన్నా, మంచం మీద నుంచి లేవలేకపోయినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి.

నెయ్యి ముద్దలు పెట్టమన్న మాస్టారి సలహా ప్రేమతో చెప్పిందే, కానీ ఇప్పుడు ప్రమాదం. చాలా రోజులు సరిగా తినని ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పడితే రక్తంలో ఫాస్ఫేటు హఠాత్తుగా పడిపోతుంది. గుండె లయ తప్పవచ్చు. ఎంతతో మొదలుపెట్టాలో, ఎంత వేగంగా పెంచాలో డాక్టరు చెప్పాలి.

ఫోనులు లేని రోజుల్లో ఈ జబ్బు లేదన్న మాట మాత్రం నిజం కాదు. తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు లండన్ వైద్యుడు విలియం గల్ 1870లలోనే పెట్టారు. అలాగని చుట్టూ కనబడే బొమ్మల ప్రభావం లేదని కూడా అనలేం. ఫిజీ దీవుల్లోని నద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అక్కడ ఒళ్ళు నిండుగా ఉండటమే అందం, బాగా తినడమే మర్యాద. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు టీవీ వచ్చిన కొత్తలో బడి ఆడపిల్లల్ని ప్రశ్నించినప్పుడు బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామన్నవారు ఒక్కరూ లేరు. 1998లో మళ్ళీ అడిగితే 11.3 శాతం మంది చేసుకుంటున్నామన్నారు. మూడేళ్ళు చాలాయి. మీ అద్దం ముందు మాటలు అమ్మాయి మీద పనిచేయలేదని మిమ్మల్ని ఊరడించడానికి చెప్పను. ఆడదాని విలువ నడుము దగ్గర ఉంటుందని తను వినే ఉంటుంది. అయితే అవే మాటలు వింటూ పెరిగిన పిల్లలు మీ వీధిలో ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళు అన్నం తింటున్నారు. పుట్టుకతో వచ్చే స్వభావం, వంశంలో వచ్చే జన్యువులు, ఏ పనీ తప్పు లేకుండా చేయాలనే పట్టుదల, లోపల దిగులును మాటల్లో చెప్పలేకపోవడం, ఇవన్నీ కలిసినచోట ఆ మాట నిప్పురవ్వ అవుతుంది.

మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువగా ఆపిన వాక్యం "తను ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల" అన్నది. హిల్డే బ్రూక్ అనే మనోవైద్యురాలు అమెరికాలో దశాబ్దాలపాటు ఇలాంటి ఆడపిల్లలకు వైద్యం చేశారు. వీళ్ళలో చాలామంది పెద్దలు చెప్పినట్లు వినే బుద్ధిమంతులని ఆమె గమనించారు. ఏమి చదవాలి, ఎక్కడ ఉండాలి, అన్నీ ఇతరులు నిర్ణయించే జీవితంలో ఒళ్ళు ఒక్కటే వాళ్ళ సొంతం. బ్రాడీపేట చెల్లెలు తూకం మిషను దగ్గర చెప్పింది కూడా అదే. మీ అమ్మాయి తన కోసం అర ఎకరం పోయిందని తెలిసిన పిల్ల, పిన్ని ఇంట్లో ఉంటున్న పిల్ల. తన వంతు అన్నం తీసి ఇంకొక పాపకు పెట్టడంలో తనకు ఏదో అప్పు తీరుతున్నట్లు ఉందేమో. ఇది నా ఊహే. తనతో మాట్లాడేవారు తన నోటితోనే తెలుసుకోవాలి.

తను "లావుగా ఉన్నాను" అనకుండా "కడుపు ఉబ్బరం" అంటోంది కాబట్టి ఈ జబ్బు కాదని ఎవరైనా డాక్టరు అనవచ్చు. లావవుతామనే భయం మాటల్లో బయటపడని అనొరెక్సియా గురించి హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మనోవైద్యుడు 1990లలోనే వివరంగా రాశారు. అక్కడ చాలామంది కడుపు నిండుగా ఉందనీ, ఆకలి లేదనీ మాత్రమే చెప్పేవారు. మన దగ్గర కూడా అలా చెప్పేవారిని నేను చూస్తున్నాను. పైగా తిండి తగ్గితే కడుపు నిజంగానే నెమ్మదిగా ఖాళీ అవుతుంది. తను అబద్ధమాడుతోందని అనుకోకండి.

ఇక బొబ్బట్లు, వంటల వీడియోలు, ఫ్యాను. 1944లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులను, వాళ్ళ ఇష్టంతోనే, ఒక అధ్యయనంలో చేర్చుకున్నారు. ఆరు నెలలు వాళ్ళకు మామూలులో సగం తిండి పెట్టారు. అందరూ మగవాళ్ళే, మానసికంగా గట్టివాళ్ళే, సన్నబడాలన్న కోరిక ఎవరికీ లేదు. కొన్ని నెలలకు వాళ్ళు వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు. తిండి గురించే మాటలు, తిండి గురించే కలలు. కంచం ముందు గంటల తరబడి కూర్చునేవారు. ఎప్పుడూ చలి. నవ్వు పోయింది, స్నేహితులు వద్దనిపించారు. కొందరు పట్టు తప్పి దొరికిందల్లా తినేశారు. అంటే మీ ఇంట్లో మీరు చూస్తున్న వాటిలో చాలావరకు ఆకలి చేస్తున్న పని. మనసులో బాధ తిండి మాన్పించింది, మానిన తిండి మనసును ఇంకా బిగించింది. అందుకే "ముందు మనసు బాగుపడనీ, తరువాత తింటుందిలే" అని ఆగకూడదు. ఆకలితో ఉన్న మెదడుకు ఎంత మంచి మాట చెప్పినా లోపలికి దిగదు.

వైద్యం ఉంది. చిన్న వయసువారికి లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న పద్ధతి ఒకటి ఉంది. అందులో ఇంటివాళ్ళను దోషులుగా చూడరు, వైద్యంలో చేతులుగా చూస్తారు. కొంతకాలం ఏమి తినాలి, ఎంత తినాలి అన్న బరువు పిల్ల నెత్తి మీద నుంచి దించి పెద్దవాళ్ళు మోస్తారు, కోపం లేకుండా, బతిమాలకుండా, ప్రతిపూటా పక్కన కూర్చుని. 19 ఏళ్ళు కాబట్టి తన అంగీకారంతో ఇది చేయాలి. అమ్మానాన్నలకు చెప్పాలి, కానీ చెబుతున్నానని ముందు తనకు చెప్పి చెప్పండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు రెండింటిలోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఇంకా ఎటూ పాలుపోకపోతే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సహాయం టెలి మానస్ 14416కు ఫోను చేయండి. డబ్బు కట్టనక్కరలేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు:

రెండు రోజులుగా ఈ మాటలే మనసులో తిరుగుతున్నాయి. పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. లెక్కల్లో నూటికి నూరు. ప్రార్థన వేళ మూడుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. టిఫిను తినకుండా బడికి వస్తావా అని అందరి ముందూ మందలించాను. తరువాత బడి మానేసింది. ఎందుకు మానేసిందో నేను కనుక్కోలేదు. అమ్మా, నేను చెప్పిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మంచి డాక్టరుకు చూపించండి.

పటమట పిన్ని:

మూడు వారాలయింది. అడిగినవారందరికీ ఒక్కచోటే రాస్తున్నాను.

బ్రాడీపేట చెల్లి చెప్పినట్లే అన్నాను. రాత్రి ఫ్యాను ఆపేశాక వెళ్ళి పక్కన పడుకుని, "నీకు చలి వేస్తోందని చూశాను, నాకు భయంగా ఉంది" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "పిన్నీ, నేను ఆపాలనుకున్నా ఆగడం లేదు" అంది. అప్పుడు ముట్టుకున్నాను తన చెయ్యి. మంచుముక్కలా ఉంది. వెన్ను మీద చిన్నపిల్లలకు ఉన్నట్లు సన్నటి నూగు జుట్టు. ఇద్దరం ఏడ్చాం.

ఫిజీషియన్ చూసినప్పుడు నాడి నిమిషానికి 44 ఉంది. పొటాషియం తక్కువ. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచుకున్నారు. అక్కా బావా వచ్చారు. బావ మంచం పక్కన నిలబడి "పొలం పోతే పోయింది తల్లీ, నువ్వు ఎందుకు పోతావు" అన్నారు. ఆయన నోట అంత పెద్ద మాట నేను ఎప్పుడూ వినలేదు. డిశ్చార్జి అయ్యాక మా ఇంటికే వస్తానంది. ఇప్పుడు వారానికి ఒకసారి సైకాలజిస్టు దగ్గరకు వెళుతున్నాం. కాలేజీకి నెల రోజులు సెలవు పెట్టించాం.

అంతా బాగుపడిందని రాయలేను. మొన్న రొట్టెకు నూనె రాశానని కంచం తోసేసి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. తలుపు బయట నేల మీద కూర్చుని ఊరికే ఉన్నాను. గంట తరువాత వచ్చి చల్లారిన రొట్టెలో సగం తిన్నది. నన్ను చాలా తిడుతోంది కూడా. ఎప్పుడూ ఎదురు చెప్పని పిల్ల తిడుతుంటే మొదటి రోజు బాధ వేసింది. సైకాలజిస్టు మేడమ్ తిట్టనివ్వండి అన్నారు.

అద్దం కుట్టు గదిలో నుంచి తీసి నడవాలోకి మార్చాను, తన బల్ల కనబడని వైపు. వచ్చినవాళ్ళు ఒంటి మాట ఎత్తితే "జాకెట్టు ఒంటికి సరిపోవాలి కానీ ఒళ్ళు జాకెట్టుకు సరిపోవడమేమిటండీ" అంటున్నాను. ఒకరిద్దరు ముఖం మాడ్చుకున్నారు. ఒకావిడ మాత్రం టేపు పెడుతుండగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, ఎందుకో నేను అడగలేదు.

వాచ్‌మన్ పాప అన్నం ఏమవుతుందని ఆసుపత్రిలో ఉన్నప్పుడే అమ్మాయి మూడుసార్లు అడిగింది. ఆ క్యారేజీ ఆపలేదు. ఇప్పుడు పొద్దున అది తనే కడుతుంది, మా పెద్దబ్బాయి ఇచ్చి వస్తాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు మేమిద్దరం కూర్చుంటాం. నిన్న పప్పూ, దొండకాయ వేపుడూ, పెరుగూ పెట్టాను. 50 నిమిషాలు పట్టింది. పెరుగన్నం కొంచెం మిగిల్చింది.